పాత కవర్లు, మీ ప్రశ్నలు: వేక్‌ఫీల్డ్ ఓడ నుంచి వచ్చిన ఉత్తరాలు

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు): ఇక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో పాత ఉత్తరాల డబ్బా కొన్నాను. అందులో ఒక కవరు మీద స్టాంపే లేదు, స్టాంపు ఉండాల్సిన చోట చేత్తో 'ఫ్రీ' అని రాసుంది. గుండ్రటి ముద్రలో 'యూ.ఎస్. నేవీ' అని, 1944 ఆగస్టు తేదీ ఉంది, ఊరి పేరు లేదు. కింద చతురస్రం ముద్రలో 'పాస్డ్ బై నావల్ సెన్సార్', లోపల ఎవరివో పొడి అక్షరాలు. ఎడమ పక్క పై మూలన పంపినాయన పేరు, తర్వాత యూ.ఎస్.సీ.జీ., యూ.ఎస్.ఎస్. వేక్‌ఫీల్డ్, ఫ్లీట్ పోస్టాఫీస్, న్యూయార్క్ అని ఉంది. ఇది ఏ ఊళ్ళో పోస్ట్ చేసింది? ఆ ఓడ సంగతేంటి?

జవాబు: ముందు మీకో మాట, ఆ కవరుని దయచేసి ఎక్కడా కడగొద్దు, రుద్దొద్దు, మడత సరిచేద్దామని ఇస్త్రీ పెట్టొద్దు. మీ చేతిలో ఉన్నది మంచి కవరు. స్టాంపు లేదు కదా విలువేముంటుంది అని చాలామంది ఇలాంటివి పక్కన పడేస్తారు, కానీ యుద్ధకాలం నేవీ కవర్లలో స్టాంపు లేకపోవడమే మామూలు. 1942 మార్చి 27న వచ్చిన చట్టంతో అమెరికా సైన్యంలో, నేవీలో ఉన్నవాళ్ళకి మామూలు ఉత్తరాలు ఉచితం అయ్యాయి, స్టాంపు చోట 'ఫ్రీ' అని రాసి మూలన తన పేరు, హోదా, యూనిట్ రాస్తే చాలు. ఆ వెసులుబాటు 1947 చివరి దాకా నడిచింది. విమానంలో తొందరగా వెళ్ళాలంటే మాత్రం 6 సెంట్లు కట్టాల్సిందే, అందుకే అదే ఓడ నుంచి వచ్చిన ఇంకో కవరు మీద రెండింజన్ల విమానం బొమ్మున్న ఎర్ర స్టాంపు కనిపించినా ఆశ్చర్యపోవద్దు.

ఇప్పుడు ముద్ర సంగతి. అమెరికా నేవీ ఓడల్లో సొంత పోస్టాఫీసులు 1908 నుంచి ఉన్నాయి, ఆ ఏడాది మే 27న కాంగ్రెస్ చట్టం చేసింది, ఓడలోనే ఒక నేవీ మెయిల్ క్లర్కు ఉత్తరాలు తీసుకుని ముద్ర కొట్టి సంచి కట్టేవాడు. శాంతికాలంలో ఆ ముద్ర చూస్తే కళ్ళకి పండగే, గుండ్రంలో ఓడ పేరు, మధ్యలో తేదీ, పక్కన స్టాంపుని చెల్లకుండా చేసే అడ్డగీతలు, వాటినే కలెక్టర్లు కిల్లర్ బార్స్ అంటారు, ఆ గీతల మధ్య ఖాళీలో ఓడ అప్పుడు ఏ రేవులో ఉందో ఆ రేవు పేరు. అంటే ఒక్క ముద్ర చూస్తే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నీ తెలిసిపోయేవి. యుద్ధంలోకి దిగాక అదే పెద్ద ప్రమాదం అయ్యింది. 1942 మొదట్లో ఓడ పేరున్న ముద్రలన్నీ పక్కన పెట్టించి, అందరికీ ఒకటే రకం, పైన 'యూ.ఎస్. నేవీ' అని మాత్రమే ఉండే ముద్రలు ఇచ్చారు, గీతల మధ్య రేవు పేర్లు కూడా తీసేశారు. మీ కవరు మీద ఉన్నది ఆ రకమే.

మరి ముద్రలో పేరు దాచి మూలన అడ్రస్‌లో ఓడ పేరు ఎందుకు రాయనిచ్చారు అని మీకు సందేహం రావచ్చు, ఇది నన్ను చాలామంది అడుగుతారు. మూలన ఉన్న అడ్రస్ చూడండి, ఓడ పేరుంది కానీ పక్కన ఉన్నది న్యూయార్క్ ఫ్లీట్ పోస్టాఫీస్, అట్లాంటిక్ వైపు ఓడలకి ఉత్తరాలన్నీ అక్కడికే చేరేవి, పసిఫిక్ వైపు వాటికి శాన్‌ఫ్రాన్సిస్కో. ఓడ ఈరోజు ఎక్కడుందో ఆ అడ్రస్ ఎప్పటికీ చెప్పదు. ఇంట్లోవాళ్ళు జవాబు రాయాలి కదా, ఆ జవాబు ఓడని వెతుక్కుంటూ చేరాలి కదా, దానికి పేరు కావాలి. శత్రువుకి దొరక్కూడనిది ఓడ పేరు, రేవు, తేదీ మూడూ కలిపి. రేవు పేరు తీసేస్తే మిగిలినదానితో ఎవరూ ఏం చేయలేరు.

సెన్సార్ ముద్ర గురించి కూడా ఒకటి గమనించండి. మీ కవరు అంచు కోసి మళ్ళీ టేపు వేసిన గుర్తు ఉండదు. సివిల్ సెన్సార్ వాళ్ళు తపాలాలో వెళ్ళే ఉత్తరాన్ని కోసి, చదివి, 'ఎగ్జామిన్డ్ బై' అని అచ్చేసిన పట్టీ అతికించేవాళ్ళు. ఓడలో అలా కాదు, నావికుడు కవరు అంటించకుండానే ఇవ్వాలి, ఓడలోని ఆఫీసర్లలోనే ఒకాయన చదివి, అభ్యంతరం ఉన్న మాటలు బ్లేడుతో కత్తిరించి, ఆయనే అంటించి, ముద్ర కొట్టి పొడి అక్షరాలు పెట్టేవాడు. తన పక్కన పనిచేసే కుర్రాడు భార్యకి ఏం రాశాడో చదవాల్సి రావడం ఆ ఆఫీసర్లకి మాత్రం ఏం సుఖం చెప్పండి. లోపల ఉత్తరం కూడా ఉంటే అందులో కన్నాలు ఉన్నాయేమో చూడండి, ఉంటే ఆ ఉత్తరాన్నీ కవరునీ విడదీయకుండా కలిపే ఉంచండి.

ఇక 'యూ.ఎస్.సీ.జీ.' అన్న నాలుగు అక్షరాలు, అంటే యూ.ఎస్. కోస్ట్ గార్డ్, అమెరికా తీర రక్షక దళం, నాకు మీ కవరులో అన్నిటికంటే నచ్చింది అదే. నేవీ ఓడలో కోస్ట్ గార్డ్ మనిషి ఏంటి అనిపిస్తుంది. వేక్‌ఫీల్డ్‌ని నడిపింది మొదటి నుంచీ కోస్ట్ గార్డ్ సిబ్బందే. 1941 నవంబరు 1న అధ్యక్షుడి ఉత్తర్వుతో కోస్ట్ గార్డ్ మొత్తం నేవీ కిందకి వచ్చింది. కాబట్టి నేవీ ముద్ర, నేవీ సెన్సార్, పంపినాయన కోస్ట్ గార్డ్ అయితే అందులో తేడా ఏమీ లేదు, ఈ ఓడకి అలాగే ఉండాలి.

ఓడ చరిత్ర చెప్పకుండా ఈ కవరు అర్థం కాదు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. దీని అసలు పేరు మాన్‌హట్టన్, న్యూజెర్సీలోనే, మీ క్యామ్‌డెన్‌లో కట్టారు, 1931 డిసెంబరు 5న నీళ్ళలోకి దించారు. అట్లాంటిక్ మీద షోగ్గా తిరిగిన ప్రయాణికుల ఓడ, పొడవు 700 అడుగుల పైనే. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కి అమెరికా జట్టు వెళ్ళింది దీని మీదే, జెస్సీ ఓవెన్స్ కూడా ఇందులోనే వెళ్ళాడు. 1941 జనవరిలో ఫ్లోరిడా తీరంలో పామ్ బీచ్ దగ్గర ఇసుకలో కూరుకుపోయి 22 రోజులకి గానీ బయటపడలేదు. ఆ ఏడాదే ప్రభుత్వం అద్దెకి తీసుకుని సైనికుల్ని మోసే ఓడగా మార్చి జూన్ 15న నేవీలో చేర్చింది, పేరు వేక్‌ఫీల్డ్, నంబరు ఏపీ-21. వేక్‌ఫీల్డ్ అంటే జార్జ్ వాషింగ్టన్ పుట్టిన చోటు, దీని జంట ఓడ వాషింగ్టన్‌కి ఆయన కాపురమున్న మౌంట్ వెర్నన్ పేరు పెట్టారు.

యుద్ధంలో ఈ ఓడ రెండుసార్లు చావు దాకా వెళ్ళొచ్చింది. మొదటిది సింగపూర్. బ్రిటిష్ 18వ డివిజన్ సైనికుల్ని తీసుకుని 1942 జనవరి 29న అక్కడికి చేరింది, మర్నాడు జపాన్ విమానాలు వేసిన బాంబు సరిగ్గా ఓడ ఆసుపత్రి గదుల్లో పడి ఐదుగురు చనిపోయారు. అయినా నాలుగు వందల మంది దాకా బ్రిటిష్ ఆడవాళ్ళని పిల్లల్ని ఎక్కించుకుని అదే రోజు బయల్దేరింది, చనిపోయినవాళ్ళని దారిలో సముద్రంలోనే సాగనంపారు, సిలోన్‌లో జనాన్ని దింపి బొంబాయిలో తాత్కాలికంగా రిపేర్లు చేయించుకుని కేప్‌టౌన్ మీదుగా ఇంటికి చేరింది. ఆ తర్వాత ఊరికే కూర్చోలేదు, మే నెలలో మెరైన్ సైనికుల్ని ఎక్కించుకుని పనామా కాలువ దాటి జూన్ 14కి న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్ చేర్చింది, ఆ మెరైన్లే ఆగస్టులో పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి మీద దిగారు.

రెండోది మంటలు. 1942 సెప్టెంబరు 3న స్కాట్లండ్‌లోని క్లైడ్ నుంచి న్యూయార్క్ వస్తూ ఉండగా అట్లాంటిక్ మధ్యలో ఓడలో నిప్పంటుకుంది. తోడొచ్చిన బ్రూక్లిన్ క్రూయిజర్, మేయో డెస్ట్రాయర్ పక్కకి వచ్చి మనుషుల్ని దించుకున్నాయి. ఓడని మాత్రం మునగనివ్వలేదు, తాళ్ళు కట్టి లాక్కుని హాలిఫాక్స్ తెచ్చి ఒడ్డున ఆనించారు, మంటలు ఆర్పి, నీళ్ళు తోడి, చివరికి బోస్టన్ తీసుకెళ్ళి దాదాపు కొత్త ఓడ కట్టినట్టు కట్టారు. మళ్ళీ నేవీలో చేరింది 1944 ఫిబ్రవరి 10న. అక్కడి నుంచి ఇక ఆగలేదు, బోస్టన్ నుంచి లివర్‌పూల్, లివర్‌పూల్ నుంచి బోస్టన్, కాన్వాయ్ (కాపలాతో కలిసి వెళ్ళే ఓడల గుంపు) లేకుండా వేగాన్నే నమ్ముకుని ఒంటరిగా తిరిగింది, వెళ్ళేటప్పుడు సైనికులు, వచ్చేటప్పుడు గాయపడ్డవాళ్ళు, జర్మన్ ఖైదీలు. 1944 నుంచి 1946 దాకా అట్లాంటిక్ మీద 23 సార్లు, పసిఫిక్ మీద 3 సార్లు వెళ్ళి వచ్చింది, మొత్తం 2,17,237 మందిని మోసింది. 1946 జూన్ 15న, అంటే చేరిన రోజుకి సరిగ్గా ఐదేళ్ళకి నేవీ దీన్ని పక్కన పెట్టింది, 1960ల మధ్యలో న్యూజెర్సీలోనే తుక్కు చేశారు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. 1944 ఆగస్టు అంటే నార్మండీ దాడి అయ్యి రెండు నెలలు, ఓడ బోస్టన్ లివర్‌పూల్ మధ్య తిరుగుతున్న రోజులు. ముద్రలో ఉన్న తేదీ ఓడలో క్లర్కు ముద్ర కొట్టిన రోజు, ఆరోజు ఓడ నడిసముద్రంలో ఉండొచ్చు, రేవులో ఉండొచ్చు, సంచి ఒడ్డుకి దిగింది తర్వాతే. అది సరిగ్గా తేలాలంటే ఓడ డెక్ లాగ్, అంటే ఓడలో రోజూ రాసే దినచర్య పుస్తకం చూడాలి, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర ఈ ఓడల లాగ్ పుస్తకాలు ఉంటాయి, తేదీ చెప్పి అడగండి. ఆ రోజు పేజీ కాపీ తెప్పించి కవరుతో పాటు పెట్టుకున్నారంటే మీ కవరు విలువే మారిపోతుంది, డబ్బు విలువ గురించి కాదు నేను చెప్పేది. ముద్ర ఒక్కటీ పట్టుకుని కూర్చుంటే ఏమీ రాదండి, ముద్ర, మూలన అడ్రస్, ఓడ తిరిగిన దారి, ఈ మూడూ పక్కపక్కన పెడితేనే కవరు మాట్లాడుతుంది.

ప్రశ్న (టెక్సాస్ నుంచి ఒక పాఠకురాలు): మీరు చెప్పే ఓడ పేరు ముద్రలోనే స్పష్టంగా ఉన్న కవరు ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చింది. తేదీ 1943 మార్చి. చాలా అరుదైనది అని అమ్మేవాళ్ళు రాశారు. కొనొచ్చా?

జవాబు: వద్దండి. పైన చెప్పిన చరిత్రతో పోల్చి చూడండి, 1943 మార్చిలో వేక్‌ఫీల్డ్ కాలిపోయిన ఒళ్ళుతో రిపేరులో ఉంది, నేవీ సర్వీసులోనే లేదు. సర్వీసులో లేని ఓడకి పోస్టాఫీసు ఎక్కడిది? పైగా ఓడ పేరుతో ముద్రలు 1942 మొదట్లోనే ఆపేశారు. రెండు లెక్కలూ తప్పాయి. ఈ ఓడ పేరు ముద్రలో చూడాలంటే 1941 జూన్ నుంచి 1942 మొదటి నెలల దాకా, మళ్ళీ యుద్ధం అయిపోయాక చివరి నెలల్లో, అంతే వెతకాలి. తేదీ మార్చడానికి ముద్రలో ఒక అంకె దిద్దడం పెద్ద పని కాదు, భూతద్దంతో చూస్తే సిరా రంగు, ఆ అంకె దగ్గర కాగితం పీచు లేచి ఉండటం తెలిసిపోతాయి. అయితే అమ్మేవాళ్ళు కావాలనే మోసం చేస్తున్నారని నేను అనను, 42లో రెండు సరిగా పడక మూడులాగా కనిపించిందేమో, పెద్ద సైజు ఫోటో పంపమని అడగండి. 1942 అయితే మాత్రం వదలొద్దు.

ప్రశ్న (ఇంగ్లండ్ నుంచి ఒక పాఠకుడు): మా పక్కింటి పెద్దావిడ వాళ్ళ నాన్నగారి ఉత్తరం చూపించారు. ఆయన బ్రిటిష్ 18వ డివిజన్‌లో సైనికుడు. 1941 డిసెంబరులో రాసింది, సముద్రం మీద నుంచి అని మాత్రమే ఉంది, అమెరికా వాళ్ళ ఓడలో ఉన్నాం, తిండి చాలా బాగుంది అని రాశారు. అప్పటికి అమెరికా యుద్ధంలోనే లేదు కదా, ఇదెలా?

జవాబు: ఎంత మంచి ప్రశ్న అండి ఇది. ఆ ఉత్తరం నిజమే, ఆయన రాసింది నిజమే. 1941 అక్టోబరు చివర్లో 18వ డివిజన్ వాళ్ళు బ్రిటిష్ ఓడల్లో బయల్దేరి కెనడాలో హాలిఫాక్స్ చేరారు, అక్కడ వాళ్ళని ఆరు అమెరికా నేవీ ఓడల్లోకి ఎక్కించారు, వేక్‌ఫీల్డ్, మౌంట్ వెర్నన్, వెస్ట్ పాయింట్, ఒరిజాబా, లెనార్డ్ వుడ్, జోసెఫ్ టి. డిక్‌మన్. మొత్తం ఇరవై వేల మంది పైన. నవంబరు 10న బయల్దేరిన ఈ కాన్వాయ్ పేరు డబ్ల్యూఎస్-12ఎక్స్. అమెరికా ఇంకా అధికారికంగా యుద్ధంలో లేదు, అయినా రూజ్వెల్ట్, చర్చిల్ మధ్య ఒప్పందంతో అమెరికా ఓడలు బ్రిటిష్ సైనికుల్ని మోశాయి, బయటికి పొక్కకూడని రహస్యం అది. మధ్యప్రాచ్యం వెళ్తున్నాం అనుకున్నారు వాళ్ళు. డిసెంబరు 9న కేప్‌టౌన్ చేరేసరికి పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి రెండు రోజులైంది, ప్రపంచం తలకిందులైంది.

అక్కడి నుంచి బొంబాయి వైపు మళ్ళించారు, మౌంట్ వెర్నన్‌లో ఉన్న బ్రిగేడ్ ముందే సింగపూర్ వెళ్ళి జనవరి 13న దిగింది, మిగతావాళ్ళలో చాలామంది కొన్ని వారాలు భారతదేశంలో ఉండి జనవరి 29న వేక్‌ఫీల్డ్, వెస్ట్ పాయింట్ ఓడల్లాంటివాటిలో సింగపూర్ చేరారు. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. జనవరి 29న దిగినవాళ్ళకి మూడు వారాలు కూడా కాలేదు, డివిజన్ మొత్తం ఖైదీలైపోయారు, మూడున్నరేళ్ళు. థాయిలాండ్ బర్మా రైలు మార్గం కట్టించింది వాళ్ళలో చాలామంది చేతే. అందుకే ఈ డిసెంబరు ఉత్తరాలు చదివితే గుండె పట్టేస్తుంది, తిండి బాగుంది అని రాసిన మనిషికి రెండు నెలల్లో ఏం రాబోతోందో మనకి తెలుసు, ఆయనకి తెలీదు.

ముద్రల విషయానికొస్తే, ఓడ అమెరికాదైనా సైనికులు బ్రిటిష్ వాళ్ళు కాబట్టి వాళ్ళ ఉత్తరాలు మామూలుగా వాళ్ళ సైన్యం దారిలోనే వెళ్తాయి, పైన 'ఆన్ యాక్టివ్ సర్వీస్' అని, కిరీటం బొమ్మ కింద నంబరుతో బ్రిటిష్ సెన్సార్ ముద్ర ఉందేమో చూడండి. అమెరికా ఓడ పేరు ముద్ర లేదు కాబట్టి ఇది వేక్‌ఫీల్డ్‌దా వెస్ట్ పాయింట్‌దా అని తేల్చడానికి కవరు సరిపోదు, ఆయన ఏ బెటాలియనో తెలిస్తే ఏ ఓడో తెలుస్తుంది. పెద్దావిడని అడిగి అన్నీ రాసి పెట్టుకోండి, ఇప్పుడే. ఉత్తరం మాత్రం ఆవిడ దగ్గరే ఉండనివ్వండి, మీరు ఫోటో తీసుకోండి.

ప్రశ్న (అదే పాఠకుడు): రెండు లక్షల మందిని మోసింది అంటున్నారు, మరి ఆ సైనికులు ఓడలో ఉండి రాసిన కవర్లు కుప్పలుగా దొరకాలి కదా?

జవాబు: దొరకవు. అలా ఎక్కినవాళ్ళు సిబ్బంది కాదు, ప్రయాణికులు. తాము ఏ ఓడలో వెళ్తున్నామో రాయడానికి వాళ్ళకి అనుమతి లేదు. అమెరికా సైనికులైతే ఏపీవో (ఆర్మీ పోస్టాఫీస్) నంబరుతోనే రాయాలి, వాళ్ళు క్షేమంగా చేరారు అని ఇంటికి వెళ్ళే కార్డులు కూడా ఎక్కకముందే నింపించి, ఓడ అవతలి ఒడ్డుకి చేరిందని తెలిశాకే తపాలాలో వేసేవాళ్ళు. కాబట్టి ఓడ పేరుతో దొరికే ప్రతి కవరూ దాదాపు సిబ్బందిదే. ఇది తెలిస్తే న్యూజెర్సీ పాఠకుడి కవరు విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

ప్రశ్న (కాలిఫోర్నియా నుంచి ఒక విద్యార్థి): ఏపీ, ఏపీఏ అని ఓడల నంబర్ల ముందు రాస్తారు, తేడా ఏంటి?

జవాబు: ఏపీ అంటే సైనికుల్ని ఒక రేవు నుంచి ఇంకో రేవుకి చేర్చే ఓడ. ఏపీఏ అంటే శత్రువు ఉన్న తీరం ఎదురుగా ఆగి, తన చిన్న పడవల్లో సైనికుల్ని ఒడ్డు మీదకి దించే ఓడ. మొదట్లో అన్నీ ఏపీలే, 1943 ఫిబ్రవరి 1న దాడి ఓడల్ని విడదీసి ఏపీఏ అని నంబర్లు మార్చారు. పైన చెప్పిన లెనార్డ్ వుడ్, జోసెఫ్ టి. డిక్‌మన్ అలా ఏపీఏ అయ్యాయి, వేక్‌ఫీల్డ్ చివరి దాకా ఏపీగానే ఉంది. అంటే మూలన ఏపీ అని ఉందా ఏపీఏ అని ఉందా అనేదాన్ని బట్టి కూడా, కొన్ని ఓడలకి, తేదీ చెరిగిపోయిన కవరు ముందుదా తర్వాతదా అని చెప్పొచ్చు.

ప్రశ్న (ఒహాయో నుంచి ఒక పాఠకుడు): నా దగ్గర 1918 నాటి యూ.ఎస్.ఎస్. హెండర్సన్ కవరు ఉంది. ఇదీ రవాణా ఓడేనా?

జవాబు: అవును, ఏపీ-1 అదే, వరసలో మొదటి నంబరు దానిది. మొదటి ప్రపంచయుద్ధంలో 1917 జూన్‌లో ఫ్రాన్స్ వెళ్ళిన మొట్టమొదటి అమెరికా కాన్వాయ్‌లో ఉంది. 1918 జూలై 2న దీనికీ సముద్రంలో నిప్పంటుకుంది, బతికిపోయింది. 1923లో అధ్యక్షుడు హార్డింగ్ అలాస్కా వెళ్ళింది దీని మీదే, రెండో యుద్ధంలో 1944లో ఆసుపత్రి ఓడగా మార్చి బౌంటిఫుల్ అని పేరు పెట్టారు. ఇంత సుదీర్ఘ సర్వీసున్న రవాణా ఓడ కవర్లు ఒక్క ఓడవే జమ చేసినా ఒక ఆల్బమ్ నిండుతుంది. 1918 జూలైకి ముందుదా తర్వాతదా చూసి రాయండి.

ప్రశ్న (అదే పాఠకుడు): వీటిని ఎలా భద్రపరచాలి?

జవాబు: లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు, మెత్తగా ఉండి వాసనొచ్చే పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు, అవి కొన్నేళ్ళకి సిరాని లాగేస్తాయి. పాలిస్టర్ తొడుగుల్లో, వెనక యాసిడ్ లేని అట్ట పెట్టి, వెలుతురు తగలని చోట నిలబెట్టి ఉంచండి. లోపలి ఉత్తరాన్ని ఒకసారి తీసి స్కాన్ చేసుకుంటే మాటిమాటికీ మడత విప్పే పని ఉండదు. వెనక పెన్సిల్‌తో కూడా ఏమీ రాయకండి, మీ నోట్సు విడి కాగితం మీద రాసి అదే తొడుగులో వేరే అరలో పెట్టండి.